చిమ్నీ దగ్గర ఆగని లెక్క

బొల్లారం పారిశ్రామికవాడ నడవాలంటే రెండు కావాలి: కరెంటు, స్టీమ్. కరెంటు తీగల మీద వస్తుంది. అది ఎక్కడ పుట్టిందో, దేన్ని కాల్చి పుట్టించారో ఇక్కడివాళ్లకు కనిపించదు. స్టీమ్ మాత్రం కంపెనీ ప్రహరీ లోపలే, బాయిలర్‌లో తయారవుతుంది. దాని పొగ ఊరందరికీ కనిపిస్తుంది. గ్యాస్‌తో తీసే విద్యుత్తు బొగ్గు కరెంటుకంటే శుభ్రమైనదా, అయితే ఎంత, ఎవరికి మేలు అన్న ప్రశ్న మన దగ్గర ముప్పై ఏళ్లుగా నలుగుతోంది. ఆ చర్చ దాదాపు ఎప్పుడూ గోదావరి ఒడ్డున మొదలై ఢిల్లీలో ముగిసింది. దాన్ని ఒకసారి ఈ పొగ కనిపించే చోటునుంచి చూడాలి.

(సికింద్రాబాద్ పక్కన, రాష్ట్రపతి నిలయం ఉన్న బొలారం వేరు. ఇది సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరు, పాశమైలారం, జిన్నారం, గడ్డపోతారం, ఖాజీపల్లి పారిశ్రామికవాడలతో కలిసిపోయిన బొల్లారం.)

ఈ ప్రాంతం మీద ఇప్పటిదాకా జరిగిన పోరాటమంతా నీళ్ల చుట్టూ నడిచింది. అది సహజం. అసానికుంట రంగు మారింది, నక్కవాగు నురగలు కక్కింది, ఆ నీరు మంజీరలో కలిసింది. 1990లో పటాన్‌చెరు కాలుష్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసినప్పుడు పటాన్‌చెరు-బొల్లారం 70 దాటి, తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలోకి ఎక్కింది. కోర్టులు, మండలి గట్టిపడ్డాక చాలా బల్క్ డ్రగ్ కంపెనీలు వ్యర్థజలం చుక్క కూడా బయటికి పోకుండా దాన్ని లోపలే ఆవిరి చేసే ఎంఈఈ (మల్టిపుల్ ఎఫెక్ట్ ఎవాపరేటర్) యూనిట్లు పెట్టుకున్నాయి. నీటికి అది మేలే. కానీ నీటిని ఆవిరి చేయాలంటే స్టీమ్ కావాలి, స్టీమ్‌కు బాయిలర్ మండాలి, బాయిలర్‌కు బొగ్గు కావాలి. వాగులోకి పోకుండా ఆపిన కాలుష్యంలో కొంత భాగం, రూపు మార్చుకుని, చిమ్నీ గుండా పైకి పోతోంది. గ్యాస్ ప్రస్తావన ఇక్కడ గంభీరంగా రావలసింది అందుకే.

మరొక సంగతి. ఈ బెల్టులోనే, రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో, గ్యాస్ టర్బైన్లు తయారవుతాయి. 1980ల్లో అమెరికా కంపెనీ జీఈతో సాంకేతిక ఒప్పందం కుదిరిన నాటినుంచి దేశంలో ఆ పనికి పెట్టింది పేరు ఈ ఫ్యాక్టరీయే. ఎందరో ఫిట్టర్లు, టర్నర్లు, ఇంజినీర్లు ఆ బ్లేడ్ల మీద చేతులు తిప్పారు. అయినా ఈ బెల్టులోగానీ, తెలంగాణ మొత్తంలోగానీ గ్రిడ్‌కు కరెంటిచ్చే పెద్ద గ్యాస్ విద్యుత్ కేంద్రం ఒక్కటీ లేదు.

ముందు చిమ్నీ దగ్గరి లెక్క చూద్దాం. సహజవాయువులో ప్రధానమైనది మీథేన్. దాని అణువులో ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్లు. మండినప్పుడు వచ్చే వేడిలో పెద్ద వాటా హైడ్రోజన్‌ది, అది నీటి ఆవిరై పోతుంది. బొగ్గు వేడి ఎక్కువగా కార్బన్‌దే. అందుకే ఒక గిగాజౌల్ వేడికి గ్యాస్ 56 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలితే, మన బొగ్గు 95 కిలోల పైచిలుకు వదులుతుంది. ఇది ఇంధనం స్వభావం. రెండో తేడా యంత్రానిది. కంబైన్డ్ సైకిల్ కేంద్రంలో గ్యాస్ మొదట టర్బైన్‌ను తిప్పుతుంది. అక్కడినుంచి వెలువడే వేడి పొగ మళ్లీ నీటిని ఆవిరి చేసి రెండో టర్బైన్‌ను తిప్పుతుంది. ఇంధనంలోని శక్తిలో సగం, మంచి యంత్రమైతే ఇంకాస్త ఎక్కువ, కరెంటుగా మారుతుంది. మన పాత బొగ్గు కేంద్రాల్లో మూడో వంతు మారితే గొప్ప. ఈ రెండు తేడాలూ కలిస్తే యూనిట్ కరెంటుకు గ్యాస్ దగ్గర సుమారు 400 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, బొగ్గు దగ్గర 950 నుంచి 1,000 గ్రాములు తేలుతుంది. బూడిద లేదు, గంధకం పొగ దాదాపు లేదు. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం ఉంటాయి, వాటిని బర్నర్ల దగ్గరే అదుపు చేయాలి.

'గ్యాస్ అంటే బొగ్గులో సగం కాలుష్యం' అనే మాట ఇక్కడినుంచే పుట్టింది. ఆ మాట నిజమే, కొన్ని షరతుల మీద. రెండో టర్బైన్ లేకుండా ఓపెన్ సైకిల్‌లో నడిపితే 400 కాస్తా 550 దాటుతుంది. రోజూ ఆపి, వెలిగించి, సగం లోడ్‌తో నడిపితే లెక్క ఇంకా పాడవుతుంది.

ఈ లెక్కను నమ్ముకుని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పెద్ద సాహసమే చేసింది. 1988లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ గ్యాస్ పవర్ కార్పొరేషన్ గోదావరి ఒడ్డున విజ్జేశ్వరంలో 272 మెగావాట్ల కేంద్రం కట్టింది. ప్రభుత్వ విద్యుత్ సంస్థతోపాటు ప్రైవేటు పరిశ్రమలు కూడా అందులో వాటాలు కొని, వాటా మేరకు కరెంటు తీసుకునే పద్ధతి పెట్టారు. పరిశ్రమలు తమ కరెంటు కార్బన్‌కు తామే సొంతదారులైన ఏర్పాటు అది. అలాంటి ఆలోచన ఈనాటికీ పనికొస్తుందని నా అభిప్రాయం. తర్వాత 1990ల్లో జేగురుపాడు, కాకినాడ, 2000లో కొండపల్లి వచ్చాయి. జేగురుపాడు దేశంలో తొలితరం ప్రైవేటు విద్యుత్ కేంద్రాల్లో ఒకటి. కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాస్ ఉన్నంతవరకు ఇవి బాగానే నడిచాయి.

2002లో కాకినాడ తీరానికి దూరంగా, లోతైన సముద్రంలో రిలయన్స్ డీ6 గ్యాస్ క్షేత్రం బయటపడింది. ఇక గ్యాస్‌కు కరువు లేదనుకున్నారు. వేమగిరి, పెద్దాపురం దగ్గర గౌతమి, రావులపాలెం దగ్గర కోనసీమ, జేగురుపాడు రెండో దశ, నాలుగూ కలిపి దాదాపు 1,500 మెగావాట్లు కట్టి గ్యాస్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాయి. 2009 ఏప్రిల్‌లో డీ6 ఉత్పత్తి మొదలైంది. అదే సమయంలో కాకినాడనుంచి హైదరాబాద్ మీదుగా గుజరాత్ దాకా పైపులైను సిద్ధమైంది. మరుసటి ఏడాది ఉత్పత్తి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. 8 కోట్లకు చేరుతుందని లెక్కలు వేశారు. ఆ లెక్కలు చూసి సామర్లకోటలో 2,400 మెగావాట్లు, రాజమండ్రి దగ్గర 768, కొండపల్లిలో మరో 742 మెగావాట్ల పనులు మొదలయ్యాయి. తెలంగాణ ప్రాంతానికీ వాటా కావాలని, కరీంనగర్ జిల్లా నేదునూరులో ఒకటి, పటాన్‌చెరుకు దగ్గర్లోని శంకరపల్లిలో మరొకటి ప్రతిపాదించారు.

డీ6 అనుకున్నట్టు ఇవ్వలేదు. 2013 నాటికి ఉత్పత్తి 2 కోట్ల ఘనపు మీటర్ల కిందికి పడిపోయింది. ఎరువుల ఫ్యాక్టరీలకు మొదటి హక్కు ఇచ్చాక ఆ ఏడాది మార్చికల్లా విద్యుత్ కేంద్రాలకు డీ6 నుంచి చుక్క గ్యాస్ మిగల్లేదు. దేశంలో 25 వేల మెగావాట్ల గ్యాస్ సామర్థ్యం ఉంటే, 14 వేల మెగావాట్లకు పైగా ఇంధనం లేక మూలపడిందని 2019లో పార్లమెంటు స్థాయీ సంఘం తేల్చింది. అందులో చెప్పుకోదగ్గ భాగం గోదావరి జిల్లాల్లో ఉంది. శంకరపల్లి, నేదునూరు కాగితాల మీదే ఆగిపోయాయి. సామర్లకోట కోసం తెచ్చిన యంత్రాల్లో కొన్ని చివరికి బంగ్లాదేశ్‌కు తరలిపోయాయి.

ఈ కథ కార్బన్ గురించి కూడా ఒక గట్టి నిజం చెబుతుంది. నడవని గ్యాస్ కేంద్రం ఏ ఉద్గారాన్నీ తగ్గించదు. దాని చోటును మరేదో నింపుతుంది. 2012-13 పవర్ హాలిడేల రోజుల్లో పటాన్‌చెరు, బొల్లారం కంపెనీలు డీజిల్ జనరేటర్ల మీద షిఫ్టులు నెట్టుకొచ్చాయి. లీటర్ డీజిల్ మండితే 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ లీటరు మూడున్నర యూనిట్లు ఇస్తే యూనిట్‌కు సుమారు 770 గ్రాములు అవుతుంది. పొగ కార్మికుల వాడల్లోనే, ఖర్చు భరించలేక మూతపడ్డ చిన్న యూనిట్ల నష్టం కూడా ఆ వాడలదే. రాష్ట్రం విడిపోయాక ఉమ్మడి కేంద్రాల కరెంటులో తెలంగాణకు 53.89 శాతం వాటా వచ్చింది. మూలపడ్డ గ్యాస్ కేంద్రాల వాటాతో వచ్చేదేముంది? కొరత తీర్చడానికి తెలంగాణ బొగ్గునే నమ్ముకుంది. మణుగూరు దగ్గర భద్రాద్రి 1,080 మెగావాట్లు, దామరచర్లలో యాదాద్రి 4,000 మెగావాట్లు చేపట్టింది. ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది, పరిశ్రమ ఊపిరి పీల్చుకుంది. ఆ మేలును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ అది ఏ ఇంధనం మీద వచ్చిందో గుర్తుంచుకోవాలి.

శంకరపల్లి వచ్చి ఉంటే ఎంత మిగిలేది? వెయ్యి మెగావాట్లు ఏడాదిలో 60 శాతం నడిస్తే 525 కోట్ల యూనిట్లు. గ్యాస్ మీద అయితే 21 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్, బొగ్గు మీద అయితే 50 లక్షల టన్నులు. తేడా ఏటా దాదాపు 30 లక్షల టన్నులు. దానికి రోజుకు 30 లక్షల ఘనపు మీటర్ల గ్యాస్ కావాలి. అంత దేశీయ గ్యాస్ ఒక విద్యుత్ కేంద్రానికి ఖాయంగా దొరుకుతుందన్న భరోసా లేదు. మిగిలే దారి విదేశాలనుంచి ద్రవరూపంలో తెచ్చే ఎల్‌ఎన్‌జీ.

ఎల్‌ఎన్‌జీ దగ్గరికి వచ్చేసరికి చిమ్నీ లెక్క మీద నమ్మకం సడలుతుంది. మండిన మీథేన్ కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. మండకుండా తప్పించుకున్న మీథేన్ అంతకంటే చాలా ప్రమాదకరం. ఐపీసీసీ తాజా నివేదిక ప్రకారం, టన్నుకు టన్ను పోల్చి చూస్తే, వందేళ్ల వ్యవధిలో అది భూమిని కార్బన్ డయాక్సైడ్‌కంటే 30 రెట్లు, ఇరవై ఏళ్ల వ్యవధిలో 80 రెట్లకు పైగా వేడెక్కిస్తుంది. బావి దగ్గర, పైపులైను కీళ్ల దగ్గర, కంప్రెసర్ దగ్గర, ఓడలో, ప్రతిచోటా కొంత తప్పించుకుంటుంది. వంద ఘనపు మీటర్లలో మూడు లీకైతే, ఇరవై ఏళ్ల లెక్కలో యూనిట్‌కు 400 గ్రాములు కాస్తా 750 దాటుతాయి. బొగ్గుకంటే గ్యాస్ వెంటనే మేలనిపించుకోవాలంటే లీకు 3.2 శాతం లోపే ఉండాలని 2012లో శాస్త్రవేత్త అల్వారెజ్ బృందం లెక్కగట్టింది. అదే శాస్త్రవేత్త నాయకత్వంలో 2018లో వచ్చిన అధ్యయనం అమెరికాలో లీకు 2.3 శాతమని తేల్చింది. అది ఆ దేశ ప్రభుత్వం చెబుతున్న దానికంటే బాగా ఎక్కువ. ఎల్‌ఎన్‌జీకి ఇంకో భారం ఉంది. గ్యాస్‌ను మైనస్ 162 డిగ్రీలకు చల్లార్చడానికే దానిలో పది శాతం దాకా ఖర్చయిపోతుంది. అమెరికా ఎల్‌ఎన్‌జీ ఉద్గారాలు ఇరవై ఏళ్ల లెక్కలో బొగ్గును మించుతాయని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ హోవర్త్ 2024లో వాదించారు. ఆయన లెక్క వేడికి వేడి పోల్చింది. కరెంటుగా మార్చేటప్పుడు గ్యాస్ యంత్రానికుండే ఆధిక్యం కలిపితే తేడా చాలావరకు చెరిగిపోతుంది. ఆయనతో పూర్తిగా ఏకీభవించని నిపుణులూ ఉన్నారు. అయినా ఒక్క విషయంలో వాదన ముగిసిందని నేననుకుంటాను: ఏ బావినుంచి, ఏ దారిలో వచ్చిందో తెలియని గ్యాస్‌ను 'సగం కాలుష్యం' అని ముద్రవేసి అమ్మకూడదు.

లీకు మాట మన నేల మీద అంకెలకే పరిమితం కాలేదు. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి గ్యాస్ బావి ఎగదన్ని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ పైపు గ్యాస్‌ను మోసుకెళ్తున్నది కొండపల్లి విద్యుత్ కేంద్రానికి. పైపులైను తుప్పు వాతావరణానికీ, పక్కన ఇళ్లు కట్టుకున్నవాళ్లకూ ఒకే ప్రమాదం. హైదరాబాద్ దిక్కుగా గ్యాస్ కోరుకునే మనం కోనసీమ కొబ్బరితోటల కింద నడిచే ఆ పైపుల బాగోగులు అడిగి తీరాలి.

ధర సంగతి తొందరగా చెప్పేస్తాను. ఎల్‌ఎన్‌జీ పది లక్షల బీటీయూకు 12 డాలర్లు ఉంటే, మంచి కంబైన్డ్ సైకిల్‌లో కూడా యూనిట్‌కు ఇంధనం ఖర్చే ఏడు రూపాయలు. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో ఆ ధర ఒక దశలో కొన్ని రెట్లు ఎగబాకింది. పగటి సౌర విద్యుత్తు వేలంలో రెండున్నర రూపాయలకు దొరుకుతోంది. అందుకే దేశం మొత్తం కరెంటులో గ్యాస్ వాటా రెండు శాతం దగ్గర ఆగింది. 2024 వేసవిలో కేంద్రం విద్యుత్ చట్టం 11వ సెక్షన్ కింద గ్యాస్ కేంద్రాలను సిద్ధంగా ఉండమని ఆదేశించవలసి వచ్చింది. ఆ ఆదేశంలోనే వీటి భవిష్యత్తు కనిపిస్తుంది. పొద్దుగుంకాక సోలార్ పడిపోయి, ఇళ్లలో ఏసీలు, ఫ్యాన్లు తిరిగే నాలుగైదు గంటలు, అదీ ఎండాకాలంలో, ఇవి పనికొస్తాయి. అంతకుమించి వీటిమీద ఆశపెట్టడం వృథా. ఆ సాయంత్రాలకు కూడా గ్యాస్‌కు పోటీ ఉంది. శ్రీశైలం ఎడమగట్టు 900 మెగావాట్ల భూగర్భ కేంద్రం, నాగార్జునసాగర్ రివర్సిబుల్ యూనిట్లు నీటిని వెనక్కి తోడి మళ్లీ వదలగలవు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ఉంది. బ్యాటరీల ధర ఏటికేడు దిగుతోంది.

బ్రిటన్ 2024 సెప్టెంబర్ 30న తన చివరి బొగ్గు కేంద్రాన్ని మూసింది. బొగ్గు తగ్గే దారిలో గ్యాస్ ఆ దేశానికి వంతెనలా ఉపయోగపడింది. కానీ ఉత్తర సముద్రంలో సొంత గ్యాస్, ఎప్పుడో వేసిన పైపులు వాళ్లకు ఉన్నాయి. అమెరికాకు షేల్ గ్యాస్ ఉంది. మనకు ఆ రెండూ లేవు. వాళ్ల ఉదాహరణ చూపించి మన దగ్గర కొత్త గ్యాస్ విద్యుత్ కేంద్రాలు కట్టమనడం సరికాదు. చిమ్నీలోనే కార్బన్‌ను పట్టేస్తామనే మాట కూడా గ్యాస్‌కు అంత సులభం కాదు. బొగ్గు పొగలో కార్బన్ డయాక్సైడ్ 12 శాతం పైన ఉంటే గ్యాస్ పొగలో నాలుగు శాతమే. పలుచగా ఉన్నదాన్ని ఏరడం కష్టం, ఖర్చు. పట్టిన కార్బన్‌ను డెక్కన్ బసాల్ట్ రాళ్లలో ఖనిజంగా మార్చవచ్చా అని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అధ్యయనాలు చేసింది. ఆ రాతి పొరలు జహీరాబాద్ వైపు మొదలవుతాయి. మంచి పరిశోధన, కొనసాగాలి. బొల్లారం పొగకు మాత్రం అంత కాలం ఆగే తీరిక లేదు.

ఇక అసలు ప్రశ్న. దొరికే కొద్ది గ్యాస్‌ను ఎక్కడ కాల్చాలి? ఒక ఘనపు మీటరు గ్యాస్ ఎక్కడ మండినా సుమారు 2 కిలోల కార్బన్ డయాక్సైడే వస్తుంది. దాన్ని కంబైన్డ్ సైకిల్‌లో కాల్చి బొగ్గు కరెంటును తప్పిస్తే, గ్యాస్ సొంత ఉద్గారం పోను 2.7 కిలోలు ఆదా. బొల్లారంలో 70 శాతం సామర్థ్యంతో నడిచే బొగ్గు బాయిలర్ స్థానంలో కాలిస్తే ఆదా 2.2 కిలోలు. కార్బన్ ఒక్కటే చూస్తే విద్యుత్ కేంద్రమే ఓ మెట్టు పైన ఉంది. కానీ అదే కంపెనీలో చిన్న గ్యాస్ టర్బైనో ఇంజనో పెట్టి కరెంటు తీసి, దాని వేడితోనే స్టీమ్ చేస్తే, అంటే కోజనరేషన్ చేస్తే, ఆదా మూడున్నర కిలోలకు చేరుతుంది. మూడో వంతు కరెంటు, సగానికి దగ్గరగా స్టీమ్ అన్న అంచనాతో నేను వేసిన లెక్క ఇది. వేడి వృథా కాకపోవడమే రహస్యం. ఏ పెద్ద విద్యుత్ కేంద్రానికీ పక్కనే ఇంత స్టీమ్ కొనేవాళ్లు దొరకరు. రియాక్టర్లు, సాల్వెంట్ రికవరీ, డ్రయర్లు, ఎంఈఈలు రాత్రీ పగలూ స్టీమ్ తాగే ఈ బెల్టులో కోజనరేషన్‌కు ఉన్నంత చోటు తెలంగాణలో మరెక్కడా లేదనిపిస్తుంది.

కరెంటుకు సోలార్, నీరు, బ్యాటరీ లాంటి ప్రత్యామ్నాయాలున్నాయి. 160 డిగ్రీల స్టీమ్‌కు అన్ని దారులు లేవు. కరెంటు హీటర్‌తో చేద్దామంటే ఈనాటి గ్రిడ్ యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ మోసుకొస్తోంది, అది బొగ్గు బాయిలర్‌కంటే ఎక్కువే. వరి ఊక, బ్రికెట్లు కొంత ఆదుకుంటాయి, కానీ ధూళి తగ్గదు. పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రం చిమ్నీ రెండు వందల మీటర్ల పైన పొగ వదులుతుంది. బొల్లారం బాయిలర్ చిమ్నీ పొగ కార్మికుల అద్దె గదుల కిటికీల్లోకి వస్తుంది. ఒడిశా, బిహార్‌లనుంచి వచ్చి షిఫ్టు దిగి నిద్రపోయే మనిషి ఊపిరి కార్బన్ పట్టికలో కనిపించదు. నా తూకంలో మాత్రం అది 2.2, 2.7ల తేడాకంటే బరువైనది.

మరి కంపెనీలు ఎందుకు మారవు? సంగారెడ్డి, మెదక్, సిద్దిపేట జిల్లాల సిటీ గ్యాస్ అనుమతి 2018 బిడ్డింగ్‌లో టొరెంట్ గ్యాస్‌కు దక్కింది. అనుమతి ఉన్నంతమాత్రాన వాడకం రాదు. చవకగా దొరికే దేశీయ గ్యాస్ ముందు వంటింటికి, వాహనాలకు వెళ్తుంది. పరిశ్రమకు మిగిలేది ఎల్‌ఎన్‌జీ ధరతో ముడిపడ్డదే. పైగా బొగ్గు జీఎస్టీ లోపల ఉంది, కట్టిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది. సహజవాయువు జీఎస్టీ బయట ఉంది, దాని మీద కట్టిన వ్యాట్ తిరిగి రాదు. మురికి ఇంధనానికి పన్ను తిరిగి ఇచ్చి, దానికంటే నయమైన ఇంధనానికి ఇవ్వకపోవడం ఎవరు ఏ కారణం చెప్పినా సమర్థించలేనిది. రాష్ట్ర ప్రభుత్వం జీఎస్టీ మండలిలో నోరు తెరవాల్సిన విషయమిది. అంతవరకు బాయిలర్ గ్యాస్ మీద వ్యాట్ తగ్గించడం రాష్ట్రం చేతిలోనే ఉంది.

కంపెనీలు కూడా గ్యాస్ కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. ఇన్సులేషన్ లేని స్టీమ్ లైన్లు, పనిచేయని స్టీమ్ ట్రాపులు, తిరిగి బాయిలర్‌కు చేరని కండెన్సేట్ (స్టీమ్ చల్లారి మారిన వేడినీరు) ఉన్నంతకాలం ఏ ఇంధనం కాల్చినా కొంత గాలికే పోతుంది. ఎంఈఈల్లో వచ్చే ఆవిరినే కంప్రెస్ చేసి మళ్లీ వాడే యంత్రాలున్నాయి. 80, 90 డిగ్రీల వేడినీటికి హీట్ పంపులున్నాయి, అవి ఒక యూనిట్ కరెంటుతో రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తాయి కాబట్టి ఈనాటి గ్రిడ్ మీద కూడా బొగ్గు బాయిలర్‌కంటే నయం. నిజంగా అధిక ఉష్ణోగ్రత స్టీమ్ కావలసిన చోటికే గ్యాస్ పెట్టాలి.

ఇప్పుడు పెట్టే గ్యాస్ బాయిలర్ పాతికేళ్లు నడుస్తుంది. భారతదేశం నికర శూన్య ఉద్గారాలకు పెట్టుకున్న గడువు 2070, దానికి ముందే ఈ బాయిలర్ల కాలం తీరుతుంది. అందువల్ల వీటిని అనుమతించడంలో నాకు అభ్యంతరం లేదు. అనుమతిలో మూడు షరతులు మాత్రం రాయాలి. ఏటా ఎంత ఇంధనం కాల్చి ఎంత స్టీమ్ చేశారో కాలుష్య నియంత్రణ మండలికి చెప్పి, ఆ లెక్కను ప్రజలకు బయటపెట్టాలి. గ్యాస్ వచ్చాక పాత బొగ్గు బాయిలర్‌ను 'స్టాండ్‌బై' పేరుతో ఉంచుకోకూడదు. గ్యాస్ సరఫరాదారు తన పైపుల లీకు సర్వే ఫలితాలు ఏటా ప్రకటించాలి. పైపు తవ్వకం ఇళ్లకు ఆనుకుని ఉన్న బాయిలర్లతో, అసానికుంట చుట్టుపక్కలనుంచి, మొదలుపెట్టాలి.